ధాన్యం సేకరణ సిబ్బంది శిక్షణ (సిద్దిపేట జిల్లా)

ధాన్యం సేకరణ సిబ్బంది శిక్షణ అనగా, రైతుల వద్ద ప్రభుత్వం కనీస మద్దతు ధరకు వడ్లు కొనుగోలు చేసే కేంద్రాలలో పనిచేయువారికి ప్రతి సీజనుకు ముందు ఇచ్చే శిక్షణ. తెలంగాణలోని ఇతర జిల్లాల వలెనే సిద్దిపేట జిల్లాలోనూ వానాకాలం, యాసంగి పంటలు కోతకు వచ్చే ముందు ఇట్టి శిక్షణ ఏర్పాటు చేస్తారు. నాణ్యతను, తూకాన్ని నిర్ణయించేది కేంద్రంలోని సిబ్బందే గనుక, వారి నైపుణ్యంపై రైతుకు దక్కే సొమ్ము చాలా వరకు ఆధారపడి ఉంటుంది.

నేపథ్యం

ప్రభుత్వ కార్యాలయాలు తమకు కావలసిన వస్తువులను, పనులను టెండర్ల ద్వారాను, 2016లో ప్రారంభమైన ప్రభుత్వ ఈ-మార్కెట్ ద్వారాను సేకరిస్తాయి. ఇట్టి కొనుగోళ్ళకు కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి (2017), రాష్ట్రాల సొంత నియమాలు వర్తిస్తాయి. వీటిలో శిక్షణ ఇచ్చే సంస్థలలో ఫరీదాబాదులోని అరుణ్ జైట్లీ జాతీయ ఆర్థిక నిర్వహణ సంస్థ ఒకటి. ఈ సంస్థ 1993లో ఏర్పడగా, 2020లో ప్రస్తుత పేరు పెట్టారు.

ధాన్యం సేకరణ దీనికి భిన్నమైనది. ఇక్కడ అమ్మకందారులు లక్షలాది రైతులు. ధర ముందే నిర్ణయమై ఉంటుంది కావున పోటీకి గాని, బేరానికి గాని చోటు లేదు. కల్లం వద్ద తేలవలసినవి రెండే: వడ్లు నిర్ణీత ప్రమాణాలకు తగినట్లున్నాయా, వాటి బరువు ఎంత.

1997-98లో కేంద్ర ప్రభుత్వం వికేంద్రీకృత సేకరణ పద్ధతిని ప్రవేశపెట్టినది. దీని ప్రకారం రాష్ట్ర ప్రభుత్వమే ధాన్యం కొని, మర ఆడించి, చౌకధరల దుకాణాలకు సరఫరా చేసి, మిగులు బియ్యాన్ని భారత ఆహార సంస్థకు అప్పగిస్తుంది. తెలంగాణ 2014-15 నుండి ఈ పద్ధతిని అనుసరిస్తున్నది. రాష్ట్ర పౌర సరఫరాల సంస్థ తరఫున గ్రామాలలో మహిళా సంఘాలు (ఐకేపీ కేంద్రాలు), ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలు కొనుగోళ్ళు జరుపుతాయి.

సిద్దిపేట జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడినది. పూర్వపు మెదక్ జిల్లాలోని ప్రాంతాలతో పాటు కరీంనగర్ జిల్లా నుండి హుస్నాబాదు, కోహెడ, బెజ్జంకి, వరంగల్ జిల్లా నుండి చేర్యాల, మద్దూరు, కొమురవెల్లి ఇందులో చేరినవి. ఒకప్పుడు చెరువులు, బోర్లపై ఆధారపడిన ఈ మెట్ట ప్రాంతంలో రంగనాయక సాగర్ (2020), కొండపోచమ్మ సాగర్ (2020), మల్లన్న సాగర్ (2022) జలాశయాలు ప్రారంభమైనవి.

శిక్షణ పొందేవారు

కేంద్రం నిర్వాహకులు, వివరాలు నమోదు చేసే ట్యాబ్ ఆపరేటర్లు, సహకార సంఘాల సిబ్బంది, వ్యవసాయ విస్తరణ అధికారులు ఇందులో పాల్గొంటారు. పౌర సరఫరాలు, గ్రామీణాభివృద్ధి, సహకార, వ్యవసాయ, తూనికలు కొలతల శాఖల అధికారులు తమ తమ విషయాలను వివరిస్తారు. ఐకేపీ కేంద్రాలను నడిపే మహిళలలో చాలామంది స్వయంగా రైతు కుటుంబాలవారే. అందువలన వడ్ల మంచిచెడ్డలు వారికి కొత్త కావు. ఆ అనుభవాన్ని అంకెలలోకి, రికార్డులలోకి మార్చడమే శిక్షణలోని ముఖ్యాంశం.

నాణ్యతా ప్రమాణాలు

కేంద్ర ప్రభుత్వం ప్రతి సంవత్సరం ప్రకటించే సగటు నాణ్యతా ప్రమాణాలలో గరిష్ఠ పరిమితులు ఇవి:

మట్టి, రాళ్ళు వంటివి: 1 శాతం
గడ్డి, చెత్త వంటివి: 1 శాతం
దెబ్బతిన్న, రంగు మారిన, మొలకెత్తిన, పురుగు పట్టిన గింజలు: 5 శాతం
పక్వం కాని, ముడుచుకొన్న గింజలు: 3 శాతం
తక్కువ తరగతి గింజల కలయిక: 6 శాతం
తేమ: 17 శాతం

తేమ పరీక్ష

ఎక్కువ వివాదాలు తేమ వద్దనే వస్తాయి. కుప్పపై భాగం ఎండకు ఆరినా అడుగుభాగం పచ్చిగా ఉండవచ్చును. కావున కుప్పలో పలుచోట్ల పైన, నడుమ, అడుగున నమూనాలు తీసి, బాగా కలిపి పరీక్షించాలి. ఎండలో కాగిన గింజల వేడి వలన యంత్రం రీడింగు మారవచ్చును గనుక వాటిని కొంతసేపు నీడలో ఉంచాలి. ఒకటికి రెండుమార్లు కొలిచి, ఆ అంకెను రైతుకు చూపించి పుస్తకంలో వ్రాయాలి.

20 శాతం తేమ గల 100 కిలోల వడ్లలో పొడి పదార్థం 80 కిలోలు. అవే వడ్లు 17 శాతానికి ఆరితే బరువు సుమారు 96.4 కిలోలకు తగ్గుతుంది. మిల్లరు మాత్రం క్వింటాలు వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం లేదా 68 కిలోల ఉప్పుడు బియ్యం ప్రభుత్వానికి అప్పగించవలసి ఉంటుంది. పచ్చి వడ్లు, తాలు వస్తే తనకు నష్టమని మిల్లరు బస్తాకు కొంత 'తరుగు' కోరడం ఇక్కడి నుండే మొదలవుతుంది. కేంద్రంలోనే తేమను సరిగా చూసి, ప్యాడీ క్లీనరుతో తాలు తీయిస్తే ఆ వాదనకు ఆధారం ఉండదు.

తూకం

వడ్లను బస్తాకు 40 కిలోల చొప్పున తూకం వేస్తారు. 50 కిలోల పరిమాణం గల కొత్త గోనెసంచి ప్రామాణిక బరువు 580 గ్రాములు. పాత సంచులను విడిగా తూచి చూడాలి. కాంటాపై తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్నదీ లేనిదీ గమనించి, ప్రతి ఉదయం తెలిసిన బరువుతో సరిచూడాలని నేర్పుతారు.

బస్తాకు ఒక కిలో అదనంగా తూస్తే క్వింటాలుకు రెండున్నర కిలోలు పోయినట్లు. 2025-26లో ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. ఈ లెక్కన 100 క్వింటాళ్ళు అమ్మిన రైతు సుమారు 5,970 రూపాయలు నష్టపోతాడు.

సన్నరకాల గుర్తింపు

2024 వానాకాలం నుండి రాష్ట్ర ప్రభుత్వం సన్నవడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనసు ప్రకటించినది. దీనితో సన్నరకాలను, దొడ్డురకాలను వేరుచేయడం సిబ్బందికి కొత్త బాధ్యత అయినది. పొట్టు తీసే చిన్న పరికరంతో గింజను ఒలిచి, కాలిపర్‌తో పొడవు, వెడల్పు కొలుస్తారు. రెండు రకాలను వేర్వేరుగా నిల్వచేసి, వేర్వేరుగా నమోదు చేయాలి.

నమోదు, చెల్లింపు

రైతులకు టోకెన్లు ఇచ్చి వరుసక్రమంలో కొనడం, పంట నమోదు వివరాలతో సరిపోల్చడం, బస్తాల సంఖ్య, బరువు, బ్యాంకు ఖాతా వివరాలను ట్యాబులో ఎక్కించడం, లారీ వెంట ట్రక్ షీట్ పంపడం శిక్షణలోని మిగిలిన అంశాలు. ఖాతా సంఖ్యలో ఒక్క అంకె తప్పినా సొమ్ము ఆగిపోతుంది. మిల్లులో దిగుమతి ఆలస్యమైతే చెల్లింపు కూడా ఆలస్యమవుతుంది.

పరిమితులు

శిక్షణ వలన అన్ని చిక్కులూ తీరవు. లారీలు, హమాలీలు, గోనెసంచులు, టార్పాలిన్లు సకాలంలో అందకపోతే ఎంత నేర్పరులైనా కొనుగోలు సాగించలేరు. యాసంగి ధాన్యం వచ్చే ఏప్రిల్, మే నెలలలో అకాలవర్షాలకు కుప్పలు తడిసి, గింజ రంగు మారడం, మొలకెత్తడం జరుగుతుంది. అప్పటివరకు ప్రమాణాలకు సరిపోయిన వడ్లే మరునాడు సరిపోకుండా పోతాయి. సిబ్బంది కొన్ని సీజన్లలో మారడం వలన ప్రతిసారి శిక్షణ మళ్ళీ మొదటినుండి ఇవ్వవలసి వస్తుంది. అధికారులు, మిల్లర్లు, రైతులు ఒకే నమూనాను ఒకేచోట పరీక్షించి, ఫలితాన్ని అందరూ అంగీకరించే పద్ధతి ఉన్నచోట వివాదాలకు అవకాశం తగ్గుతుంది.

ఇవి కూడా చూడండి

కనీస మద్దతు ధర
భారత ఆహార సంస్థ
ఇందిరా క్రాంతి పథం
సిద్దిపేట జిల్లా