ఓడిన జట్టు చేతిలోనే...

పిల్లలూ!

మాసూళ్లు అయిపోయి చేలు ఖాళీ కాగానే మన గోదావరి సీమలో ప్రతి ఊళ్లోనూ బంతాట మొదలవుతుంది. కొయ్యకాళ్లు కాళ్లకు గుచ్చుకుంటున్నా లెక్కచేయకుండా మీరు పొద్దుగూకేదాకా ఆడుతూనే ఉంటారు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. ముప్ఫై ఏళ్లు మీవంటి పిల్లలకు చదువు చెప్పినవాణ్ణి నేను!

ఒకసారి మా బడి జట్టు పక్క ఊరివాళ్ల చేతిలో రెండు గోల్సు తేడాతో ఓడి వచ్చింది. మర్నాడు కెప్టెను బంతిని తెచ్చి నా బల్లమీద పెట్టి, "ఇక మేము ఆడం, మాష్టారూ!" అన్నాడు. ఆనాడు వాడికి నేనొక కథ చెప్పాను. అది కల్పన కాదు, నిజంగా జరిగినదే. ఇప్పుడు మీకూ చెబుతాను, వినండి.

హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం అనే ఉపాధ్యాయుడు ఉండేవాడు. ఆయన 1909లో పుట్టాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ అక్కడి ఫుట్‌బాలు జట్టులో ఆడాడు. తరవాత బడిపంతులై, వ్యాయామ విద్యలో కూడా శిక్షణ పొందాడు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్పును గెలిచింది. అంతటి శిక్షకుణ్ణి దేశపు జట్టుకు పిలవకుండా ఉంటారా?

అయితే రహీం సాహెబుకు అన్నీ గెలుపులే కాదు. 1952లో హెల్సింకీ ఒలింపిక్ క్రీడల్లో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయింది. మనవాళ్లలో పలువురు వట్టికాళ్లతోనే ఆడారు. చలిదేశపు పచ్చికమీద వట్టికాలు జారుతుంది. బూటు అడుగున ఉండే బుడిపెలు మట్టిలో దిగి నేలను పట్టుకుంటాయి. ఆ ఓటమి తరవాత మన ఆటగాళ్లు బూట్లు తొడగటం తప్పనిసరి చేశారు. నాలుగేళ్లకు, 1956లో, మెల్బోర్న్ ఒలింపిక్సులో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, మనవాళ్లు నాలుగో స్థానానికి వచ్చారు.

రహీం సాహెబు నేర్పే పద్ధతి మంచి పంతులు పాఠం చెప్పినట్టు ఉండేది. కుడికాలి వాటం ఉన్నవాళ్ల చేత ఎడమకాలితోనే ఆడించేవాడు. బంతిని కాళ్లదగ్గర పెట్టుకుని విన్యాసాలు చేయకుండా, వచ్చిన బంతిని వెంటనే తోటివాడికి అందించే పోటీలు పెట్టేవాడు. ఎక్కడ బలహీనత ఉంటే అక్కడే సాధన చేయించటం ఆయన రహస్యం.

ఇక అసలు కథ. 1962లో జకార్తా నగరంలో ఆసియా క్రీడలు జరిగాయి. మొదటి ఆటలోనే మనవాళ్లు దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడారు. అయినా దిగులుపడి కూర్చోలేదు. తరవాత థాయిలాండును 4-1తోనూ, జపానును 2-0తోనూ గెలిచారు. కాని థాయిలాండుతో ఆడుతున్నప్పుడు వెనక నిలిచి గోలును కాపాడే జర్నయిల్ సింగుకు తలకు దెబ్బ తగిలి, కుట్లు పడ్డాయి.

వెనక ఆడేవాడు ఎత్తుగా వచ్చే బంతులను మాటిమాటికీ తలతో కొట్టాలి. కుట్లున్న తలతో అది ఎలా సాధ్యం? మరొకరైతే అతణ్ణి కూర్చోబెట్టేవారు. రహీం సాహెబు మాత్రం అతణ్ణి ముందు వరసలోకి, గోలు కొట్టే చోటికి మార్చాడు. కాలేజీ రోజుల్లో జర్నయిల్ ముందు వరసలోనే ఆడేవాడట! సెమీ ఫైనలులో దక్షిణ వియత్నాంను మనవాళ్లు 3-2తో గెలిచినప్పుడు జర్నయిల్ కూడా ఒక గోలు కొట్టాడు.

ఫైనలులో ఎదురైంది ఎవరనుకున్నారు? మొదట మనల్ని ఓడించిన దక్షిణ కొరియాయే!

అది సెప్టెంబరు 4వ తేదీ. మైదానం చుట్టూ సుమారు లక్షమంది జనం. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలవారిని ఆ క్రీడలకు రానివ్వకపోవటం తప్పని మన దేశపు క్రీడా పెద్ద ఒకరు అన్నందుకు అక్కడివాళ్లకు మనమీద కోపం వచ్చింది. మన జాతీయగీతం వినిపిస్తుంటే కూడా గేలిచేశారు. ఆ గోలలోనే మనవాళ్లు ఆట మొదలుపెట్టారు. జ్వరంనుంచి తేరుకున్న పీటర్ తంగరాజ్ గోలు దగ్గర నిలిచాడు. అతడు హైదరాబాదులో పుట్టినవాడు. సికిందరాబాదు బలరాం, హైదరాబాదు యూసుఫ్ ఖాన్ కూడా ఆనాటి జట్టులో ఉన్నారు. చునీ గోస్వామి కెప్టెను.

17వ నిమిషంలో పి.కె. బెనర్జీ ఒక గోలు కొట్టాడు. మూడు నిమిషాలు గడవకుండానే రెండో గోలు పడింది. కొట్టిందెవరు? తలకు కుట్లున్న జర్నయిల్ సింగే! ఆ తరవాత గంటకు పైగా మనవాళ్లు గోలును కాపాడుకున్నారు. 85వ నిమిషంలో కొరియా ఒక గోలు చేసింది. చివరి అయిదు నిమిషాలూ ఎంత కష్టంగా గడిచాయో మీరే ఊహించుకోండి! చివరకు 2-1తో స్వర్ణపతకం మనదయింది.

అప్పటికే రహీం సాహెబును క్యాన్సరు వ్యాధి పీడిస్తున్నది. మరుసటి సంవత్సరం, 1963 జూన్ 11న, ఆయన కన్నుమూశాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాలులో ఆనాటి తరవాత మన దేశానికి మళ్లీ స్వర్ణం రాలేదు.

ఈ కథ విని మా కెప్టెను కాసేపు మాట్లాడలేదు. తరవాత మెల్లిగా బంతిని చేతిలోకి తీసుకుని, "మా ఎడమవైపు ఖాళీగా ఉంటోంది, మాష్టారూ! అటునుంచే రెండు గోల్సూ పడ్డాయి," అన్నాడు. మరుసటి ఆటలో గెలిచారా అని అడుగుతారేమో. లేదు, సమంగా ముగించారు. కాని ఈసారి ఎడమవైపునుంచి ఒక్క గోలు కూడా పడలేదు!

ఎర్రసిరాతో దిద్దిన జవాబు పత్రాన్ని అమ్మకు కనబడకుండా దాచే పిల్లలు మీలోనూ ఉంటారు. దాచకండి. దాన్ని మళ్లీ తెరిచి, తప్పు ఎక్కడుందో చూసుకోండి. ఓటమి కూడా అలాంటి కాగితమే. దాన్ని చదివినవాడికి తరవాతి ఆట ఎలా ఆడాలో తెలుస్తుంది.