ఎవరిని ఒప్పించాలి?

మద్దికెరలో మా వద్ద సాయంకాలం ఖుర్‌ఆన్ పఠనం నేర్చుకునే పదవ తరగతి బాలుడొకడు తన ఇంగ్లీషు నోటుపుస్తకం చూపించాడు. అందులో చెట్లను కాపాడాలంటూ పత్రికా సంపాదకునికి ఒక లేఖ ఉంది. గైడులోనిది అక్షరం పొల్లుపోకుండా దించాడు.

"ఎవరిని ఒప్పించడానికి వ్రాశావు?"

"మార్కుల కోసం, హజ్రత్."

అబద్ధం చెప్పలేదు, సంతోషించాము.

మేము మదరసాలో మునాజరా శాస్త్రాన్ని 'రషీదియా' గ్రంథం ద్వారా చదువుకున్నాము. దావా చేసినవాడే దలీల్ చూపాలి; ప్రశ్నించే హక్కు ఎదుటివానిది. నహ్ల్ సూరా 125వ ఆయత్ హిక్మత్‌నూ, మంచి ఉపదేశాన్నీ, ఉత్తమ రీతిలో వాదించడాన్నీ కలిపి బోధిస్తుంది. అరిస్టాటిల్ వాక్కళా గ్రంథానికి 12వ శతాబ్దంలో ఇబ్నె రుష్ద్ వ్యాఖ్యానం వ్రాశారు. కనుక ఇంగ్లీషు తరగతిలోని ఈ పాఠం మనకు పరాయిది కాదు.

"నిజంగా ఎవరిని ఒప్పించాలని ఉంది?" అని మళ్ళీ అడిగాము.

"అబ్బాను" అన్నాడు తల వంచుకుని.

ఇక్కడ పొలం పని తీరగానే ఎన్నో కుటుంబాలు మిరపకోతకు గుంటూరు వైపు వలసపోతాయి. పదవ తరగతి పరీక్షలేమో మార్చిలో.

ఇంగ్లీషులోనే వ్రాయమన్నాము. మొదటి ప్రతిలో 'చదువు గొప్పది' అన్న మాట తప్ప దలీల్ లేదు. తండ్రి స్థానంలో మేమే ప్రశ్నించాము: కూలి ఎంత పోతుంది? అన్నం ఎవరు వండుతారు? రెండవ ప్రతిలో జవాబులు వచ్చాయి. దాదీ ఇంట్లోనే ఉంటుంది. పరీక్షలు ముగిసిన మరునాడే తాను కోతకు వస్తాడు. వ్యాకరణం తప్పులను బడిలో సారు దిద్దారు.

తండ్రికి ఇంగ్లీషు రాదు. బాలుడు ఇంటి భాషలోనే చదివి వినిపించాడు. ఆయన చివరిదాకా విని, "దాదీకి జబ్బు చేస్తే?" అని అడిగారట.

వాడిప్పుడు మూడవ ప్రతి వ్రాస్తున్నాడు.