మండే ముఖానికి మామూలు క్రీమే మేలు

బ్రిటన్‌లో ఎగ్జిమా ఉన్న పిల్లలకు డాక్టర్లు దశాబ్దాల పాటు రాసిచ్చిన తెల్లటి క్రీమ్ ఒకటుంది. పేరు ఆక్వియస్ క్రీమ్. చవక, సువాసనలు కలపరు, ఏ మందుల షాపులో అడిగినా ఇచ్చేవారు. రాసుకుంటే మండుతోందని పిల్లలు ఏడుస్తూనే ఉన్నారు, పెద్దలు రాస్తూనే ఉన్నారు. 2010లో బాత్ యూనివర్సిటీ పరిశోధకులు ఏ జబ్బూ లేని వాళ్ల చేతుల మీద దీన్ని నాలుగు వారాలు రాయించి చూశారు. చర్మం పైపొర పలచబడింది, లోపలి తేమ ముందుకన్నా ఎక్కువగా ఆవిరైపోయింది. తేమ నిలపటానికి రాసే క్రీమే తేమను పోగొట్టిందన్నమాట. అనుమానమంతా అందులోని సోడియం లారిల్ సల్ఫేట్ మీదికి మళ్లింది. షాంపూల్లో నురగ రప్పించేది అదే. ఇక్కడ మాత్రం నూనె, నీరు విడిపోకుండా ఉండటానికి కలిపారు. ఈ క్రీమ్ చర్మాన్ని, ముఖ్యంగా ఎగ్జిమా ఉన్న పిల్లల చర్మాన్ని, ఇబ్బంది పెట్టవచ్చని 2013లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ హెచ్చరించింది.

ఆ డబ్బాలో మంచి సరుకు లేకపోలేదు. పారఫిన్ ఉంది, నూనె ఉంది. వంద గ్రాముల్లో సుమారు ఒక గ్రాము మాత్రమే ఉన్న పదార్థం మిగతావాటి మేలునంతా మింగేసింది. పొడిబారే ముఖం, ఊరికే చురచురలాడే ముఖం, బుగ్గలూ ముక్కూ ఎర్రబడి వేడెక్కే రోసేషియా ముఖం ఉన్నవాళ్లు మాయిశ్చరైజర్ కొనేటప్పుడు గుర్తుపెట్టుకోవాల్సింది దీన్నే. ప్రకటనలన్నీ తమ క్రీమ్‌లో ఏమేం కలిపారో చెబుతాయి. విటమిన్ సి అంటాయి, కుంకుమపువ్వు అంటాయి, ఏదో పండు సారమంటాయి. ఈ రకం చర్మం ఉన్నవాళ్లు చూడాల్సింది ఏమేం కలపలేదో. ఏ విశేషమూ లేని, చెప్పుకోవటానికి ఏమీ లేని క్రీమే ఇలాంటి ముఖానికి సరిపోతుందని నా వాదన.

ఎందుకో తెలియాలంటే చర్మం పైపొర సంగతి కొంచెం చూడాలి. దాని మందం మిల్లీమీటరులో నూరో వంతుకు అటూ ఇటూ. కాలిఫోర్నియా చర్మవైద్యుడు పీటర్ ఎలియాస్ 1980లలో దీన్ని ఇటుకల గోడతో పోల్చాడు, ఇప్పటికీ వైద్య విద్యార్థులకు అలాగే చెబుతారు. చచ్చి గట్టిపడిన కణాలు ఇటుకలు. వాటి మధ్య సున్నంలా ఉండేవి కొవ్వులు: బరువులో దాదాపు సగం సెరమైడ్లు, పావు వంతు కొలెస్టరాల్, తక్కినవి కొవ్వు ఆమ్లాలు. ఆ కొవ్వులు తగ్గితే లోపలి నీరు బయటికి పోతుంది, బయటి చెత్త లోపలికి వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న చర్మం కొద్దిగా పుల్లగా, పీహెచ్ 5 దగ్గర ఉంటుంది. మనం వాడే మామూలు సబ్బు 9, 10 దాకా పోతుంది. ముఖం కడుక్కున్న వెంటనే బిగుసుకుపోయినట్టు అనిపిస్తే శుభ్రపడిందని కాదు అర్థం, కొవ్వులు కొట్టుకుపోయాయని. రోసేషియాలో గోడ కారటంతోపాటు లోపలి కాపలా కూడా అతిగా మేలుకుని ఉంటుంది. కాథెలిసిడిన్ అనే రక్షక ప్రోటీన్ ఈ చర్మంలో ఎక్కువగా, అసహజ రూపంలో ఉంటుందని శాన్ డియాగో పరిశోధకులు 2007లో చూపించారు. ఎండ, వేడి, కారం, వేడి టీ, కోపం, ఏది తగిలినా రక్తనాళాలు విప్పారతాయి. అలాంటి చోట క్రీమ్‌లోని ప్రతి అదనపు పదార్థమూ మరో కొత్త రెచ్చగొట్టుడే కావచ్చు.

గోడకు కావలసినవి నిజానికి కొన్నే. నీటిని పట్టి ఉంచేది ఒకటి: గ్లిజరిన్ చాలు, దాన్ని మించి ఖరీదైనది అక్కర్లేదు. పైన మూతలా ఉండి నీటిని పోనివ్వనిది ఒకటి: పెట్రోలియం జెల్లీ, డైమెథికోన్ లాంటివి. మధ్యలో సందులు పూడ్చే మెత్తటి కొవ్వులు కొన్ని, దొరికితే సెరమైడ్లు. పెట్రోలియం జెల్లీ అనగానే చాలామంది ముఖం చిట్లిస్తారు. పెట్రోలు నుంచి వచ్చింది కదా, చర్మాన్ని ఊపిరాడనివ్వదు కదా అంటారు. రాబర్ట్ చెస్‌బ్రో 1872లో పేటెంట్ తీసుకున్నప్పటి నుంచి దాని మీద జరిగినంత పరీక్ష బహుశా మరే పూత మీదా జరగలేదు. శుద్ధిచేసిన జెల్లీకి అలర్జీ రావటం చాలా అరుదు. అది పైన పేరుకుని కూర్చోదు, కణాల మధ్యకు ఇంకి, కింద గోడ మళ్లీ కట్టుకోవటానికి అడ్డురాదని ఎలియాస్ బృందమే 1992లో తేల్చింది. దాని లోపం వేరే ఉంది: జిడ్డు. మే నెలలో విజయవాడలోనో విశాఖలోనో ముఖమంతా జెల్లీ పూసుకుంటే చెమట ఊరి, వేడి నిలిచి, రోసేషియా ఉన్నవాళ్లకు మంట పెరగవచ్చు. అక్కడ గ్లిజరిన్, డైమెథికోన్ ఉన్న పలుచటి క్రీమ్ మేలు. హైదరాబాద్ చలికాలానికి, రోజంతా ఏసీలో కూర్చునేవాళ్లకు, డల్లాస్‌లోనో టొరంటోలోనో హీటర్ గాలి పీల్చే మనవాళ్లకు కాస్త చిక్కటిది కావాలి. ఒకే మనిషికి రెండు కాలాల్లో రెండు క్రీములు పడటం వింతేమీ కాదు.

ఇక లేకుండా ఉండాల్సినవి. అన్నిటికన్నా ముందు సువాసన. డబ్బా ముందువైపు ఏం రాసినా, వెనక పదార్థాల జాబితాలో పర్‌ఫ్యూమ్ అనో, ఫ్రాగ్రెన్స్ అనో, లిమొనీన్, లినలూల్ అనో కనిపిస్తే పక్కన పెట్టేయాలి. అన్‌సెంటెడ్ అన్న మాటను నమ్మి మోసపోయేవాళ్లు ఎక్కువ. ముడిసరుకు వాసన తెలియకుండా మరో సువాసన కలిపినా ఆ మాట వేసుకోవచ్చు. ఫ్రాగ్రెన్స్ ఫ్రీ అన్నది కొంత నయం, జాబితా చూడటం ఇంకా నయం. లావెండర్, పుదీనా, టీ ట్రీ, నీలగిరి తైలాలు మొక్కల నుంచి వచ్చినా వాసన ద్రవ్యాలే. చల్లగా హాయిగా ఉందనిపించే మెంథాల్, కర్పూరం ఎర్రబడే ముఖానికి పనికిరావు. ఆల్కహాల్ విషయంలో చిన్న తిరకాసు ఉంది: ఆల్కహాల్ డినాట్ అని ఉంటే వదిలేయాలి, సెటైల్ ఆల్కహాల్, స్టియరిల్ ఆల్కహాల్ అని ఉంటే భయం లేదు, అవి మైనం లాంటి కొవ్వులు. మిథైల్ ఐసోథయజోలినోన్ అనే నిల్వ పదార్థాన్ని అమెరికా కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2013లో ఆ ఏటి అలర్జీ కారకంగా ప్రకటించింది. తర్వాత ఐరోపా, రాసుకుని వదిలేసే క్రీముల్లో దాన్ని నిషేధించింది. పగిలిన మడమలకు మంచిదైన యూరియా, లాక్టిక్ ఆసిడ్ క్రీమ్‌ను ముఖానికీ వాడేస్తుంటారు కొందరు. ముక్కు పక్క మడతలో లాక్టిక్ ఆసిడ్ రాసి చురుక్కుమంటుందో లేదో చూడటం, సున్నిత చర్మాన్ని పట్టుకోవటానికి 1977 నుంచీ చర్మవైద్యులు వాడుతున్న పరీక్ష. పరీక్షకు వాడే పదార్థాన్ని రోజూ ముఖానికి పూసుకుంటే ఏమవుతుందో వేరే చెప్పాలా?

హైపోఅలర్జెనిక్ అని అచ్చేశారు కదా, అది చాలదా అనవచ్చు. ఆ మాటకు ఓ కోర్టు చరిత్ర ఉంది. అది వాడాలంటే పరీక్షలు చేసి రుజువు చూపాలని 1975లో అమెరికా ఎఫ్‌డీఏ నిబంధన పెట్టింది. ఆల్మే, క్లినీక్ కంపెనీలు కోర్టుకెళ్లాయి. 1977 చివర్లో అప్పీలు కోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. ఇవాళ్టికీ అక్కడ ఆ మాటకు చట్టపరమైన ప్రమాణం లేదు, కంపెనీ ఏమనుకుంటే అదే అర్థం. డెర్మటాలజిస్ట్ టెస్టెడ్ అన్నదీ అంతే: ఎంతమంది డాక్టర్లు, ఎవరి మీద, ఎన్నాళ్లు, ఫలితమేమిటి, ఏదీ డబ్బా మీద ఉండదు.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం మన ఇళ్లలోంచే వస్తుంది. ఈ కెమికల్సన్నీ ఎందుకు, అమ్మమ్మలు కొబ్బరినూనె, పసుపు, సున్నిపిండితోనే నిగనిగలాడలేదా అని. దీన్ని కొట్టిపారేయలేం. ఫిలిప్పీన్స్‌లో 34 మంది పొడి చర్మం మీద జరిపి 2004లో ప్రచురించిన పరీక్షలో కొబ్బరినూనె మినరల్ ఆయిల్‌తో సమానంగా పనిచేసింది. అయితే అది కాళ్ల మీది చర్మం, రోసేషియా ముఖం కాదు. ముఖం మీద కొబ్బరినూనె కొందరికి రంధ్రాలు మూసి మొటిమలు తెప్పిస్తుంది. సహజమైన నూనెలన్నీ ఒకటి కావన్నదానికి ఇంకా గట్టి ఆధారం ఉంది. షెఫీల్డ్ పరిశోధకులు 19 మంది చేతుల మీద ఆలివ్, పొద్దుతిరుగుడు నూనెలను కొన్ని వారాలు రాయించి 2013లో ఫలితం చెప్పారు: ఆలివ్ నూనె చర్మం గోడను బలహీనపరిచింది, పొద్దుతిరుగుడు నూనె చెడగొట్టలేదు. ఆలివ్‌లో ఒలీక్ ఆమ్లం ఎక్కువ, పొద్దుతిరుగుడులో లినోలీక్ ఎక్కువ, తేడా అక్కడుంది. ఖరీదైన సీసా కన్నా వంటింటి నూనె నయమనిపించుకున్న అరుదైన సందర్భమిది. ఇక సున్నిపిండి నలుగు, శనగపిండి రుద్దుడు, నిమ్మరసం ఆరోగ్యంగా ఉన్న చర్మానికి సరిపోతే సరిపోవచ్చు. కారుతున్న గోడను రుద్దటం మాత్రం తగదు. అమ్మమ్మల్లోనూ ముఖం మండినవాళ్లు ఉండే ఉంటారు, వాళ్ల సంగతి మనదాకా రాలేదంతే.

లోషనా, క్రీమా, ఏ రకం మేలన్న సంగతి త్వరగా చెప్పేయవచ్చు. బ్రిటన్‌లో ఎగ్జిమా ఉన్న 550 మంది పిల్లలకు లోషన్, క్రీమ్, జెల్, ఆయింట్‌మెంట్ నాలుగు రకాలు పంచి చూసిన పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. ఏ రకమూ మరో రకాన్ని మించలేదు. పెద్దల ముఖానికి దీన్ని ఉన్నదున్నట్టు అన్వయించలేం కానీ, రోజూ రాసుకోగలిగినదే పనిచేస్తుందన్న సంగతి ఎక్కడైనా ఒకటే. అదనంగా ఒక పదార్థానికి చోటివ్వాలంటే నియాసినమైడ్‌కు ఇస్తాను. రోసేషియా ఉన్న 50 మంది అది కలిసిన మాయిశ్చరైజర్‌ను నాలుగు వారాలు వాడితే చర్మం గోడ గట్టిపడిందని 2005 నాటి అధ్యయనం చెబుతోంది. కానీ ఇప్పుడు అమ్ముతున్న పది శాతం సీరమ్‌లు వేరు, అవి కొందరి ముఖాన్ని కందగడ్డలా చేస్తాయి. మండుతోందంటే పనిచేస్తోందనే నమ్మకం ఒకటి మనలో పాతుకుపోయింది. మాయిశ్చరైజర్ మండకూడదు.

కొన్న క్రీమ్‌ను మొదటి రోజే ముఖమంతా రాయొద్దు. చెవి ముందు, దవడ అంచున రూపాయి బిళ్లంత మేర రోజుకు రెండుసార్లు, ఓ వారం రాసి చూడాలి. మోచేతి మడతలో ఏమీ కాకపోయినా ముఖం మీద మండేవి ఉంటాయి. గోరువెచ్చని నీళ్లతో, సబ్బు కాని క్లెన్సర్‌తో కడిగి, మెత్తటి తువ్వాలుతో రుద్దకుండా అద్ది, తడి పూర్తిగా ఆరకముందే రాసుకోవాలి. డాక్టరు ఇచ్చిన మెట్రోనిడజోల్, అజెలాయిక్ ఆసిడ్ లాంటి మందు మండుతుంటే ముందు క్రీమ్, దాని మీద మందు వేయవచ్చేమో అడగాలి. పగటిపూట పైన సన్‌స్క్రీన్ తప్పదు, జింక్ ఆక్సైడ్ ఉన్నవి ఇలాంటి ముఖానికి ఎక్కువగా పడతాయి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. క్లెన్సర్, క్రీమ్, సన్‌స్క్రీన్ మూడూ ఒకే రోజు కొత్తవి మొదలుపెడితే ముఖం మండినప్పుడు ఎవరిని నిలదీస్తాం?

ఎంత మంచి క్రీమైనా తీర్చలేని మంట ఒకటుంది, మన దగ్గర అది తక్కువేమీ కాదు. చామనఛాయ, నలుపు ముఖాల మీద ఎరుపు స్పష్టంగా కనబడదు. అందుకే మన రోసేషియా తరచూ మొటిమలనో అలర్జీ అనో ముద్ర వేయించుకుంటుంది. వేడి, చురుకు, నల్లచుక్కలు లేని పొక్కులు, ఏది రాసినా భగ్గుమనటం గమనించాలి తప్ప రంగును కాదు. గుర్తించేలోపు ఎవరో ఒకరు మందుల షాపులో ట్యూబు ఒకటి చేతిలో పెడతారు. దేశంలోని 12 కేంద్రాల్లో జరిపి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ముఖచర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిలో 433 మంది ముఖానికి స్టెరాయిడ్ క్రీములు వాడుతున్నవాళ్లే. తెల్లబడటానికి, మొటిమలకు, కొందరైతే రోజూ రాసుకునే క్రీమ్‌లాగే. మొదట్లో ముఖం నున్నగా మెరుస్తుంది. కొన్నాళ్లకు చర్మం పలచబడి, సన్నటి రక్తనాళాలు తేలి, అచ్చం రోసేషియాలాగే మండుతుంది. మానేస్తే ఇంకా మండుతుంది కాబట్టి మళ్లీ రాస్తారు. బీటామెథసోన్, క్లోబెటసోల్, మోమెటసోన్ అన్న పేర్లు ట్యూబు మీద ఉంటే అది మాయిశ్చరైజర్ కాదు. అలాంటిది నెలల తరబడి వాడి ఉంటే ఒక్కసారిగా ఆపేసి కొత్త క్రీమ్ వెతకటం కాకుండా ముందు చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు ఆ ట్యూబును పారేయకుండా వెంట తీసుకెళ్లాలి. ఎందులో ఏ స్టెరాయిడ్ ఎంత శాతం ఉందో చూశాకే, దాన్ని ఎలా తగ్గిస్తూ రావాలో వాళ్లు చెప్పగలరు.