వరి గింజ నుండి విదేశీ విపణి దాకా: కాషిమా పట్టణపు అనుభవం

జపాను దేశంలోని క్యూషూ ద్వీపంలో, సాగా ప్రిఫెక్చరులో, అరియాకే సముద్ర తీరాన ఉన్న చిన్న పట్టణం కాషిమా. జనాభా ముప్పై వేల లోపే. తారా పర్వతాల నుండి దిగివచ్చే నీరు, పరిసరాలలో పండే వరి ఆధారంగా ఇక్కడ బియ్యాన్ని పులియబెట్టి 'సాకే' అనే మద్యం తయారు చేయడం తరతరాలుగా సాగుతున్నది. అయితే జపానులో సాకే వినియోగం 1970వ దశకం తొలినాళ్లలో శిఖరాన్ని చేరి, నేడు అందులో మూడవ వంతు కన్నా తక్కువకు పడిపోయింది. స్వదేశపు విపణి ఇలా కుంచించుకుపోతే వరి సాగు, చేతివృత్తులు ఎలా నిలుస్తాయన్నదే ఈ పట్టణం ముందు నిలిచిన ప్రశ్న.

2011లో లండన్‌లో జరిగిన ఇంటర్నేషనల్ వైన్ ఛాలెంజ్ పోటీలో, కాషిమాకు చెందిన ఫుకుచియో సంస్థ తయారుచేసిన 'నబేషిమా దైగింజో' ఉత్తమ సాకేగా ఎంపికైంది. గెలిచినది ఒక్క సంస్థే అయినా, ఆ గుర్తింపును పట్టణం ఉమ్మడి సంపదగా మలచుకున్నది. 2012 నుండి వసంతకాలంలో ఇక్కడి తయారీశాలలు ఒకేసారి ద్వారాలు తెరిచి సందర్శకులను ఆహ్వానించసాగాయి. సీసాను విదేశాలకు పంపడంతో ఆగక, కొనుగోలుదారునే ఊరికి రప్పించడం ఇందలి కిటుకు.

అలా వచ్చినవారికి చేతివృత్తులూ పరిచయమవుతాయి. బంగారు, వెండి రేకులు అతికిన కాగితాన్ని సన్నగా చీల్చి పడుగుగా, పట్టుదారాన్ని పేకగా నేసేది కాషిమా నిషికి. 1910లో లండన్‌లో జరిగిన జపాను–బ్రిటిషు ప్రదర్శనకు ఈ నేత 'సాగా నిషికి' అన్న పేరుతో వెళ్లింది. కొయ్య అచ్చులతో అద్దే సరాసా వస్త్రాన్ని కూడా 20వ శతాబ్దంలో ఇక్కడే పునరుద్ధరించారు. సరాసా సంప్రదాయానికి ప్రేరణ, మన కోరమాండల్ తీరం నుండి డచ్చి ఓడలలో జపాను చేరిన అద్దకపు వస్త్రాలే.

వ్యవసాయ శాస్త్రజ్ఞులు గమనించవలసిన అంశం గింజలో ఉన్నది. దైగింజో రకానికి, పాలిష్ పట్టిన తరువాత మిగిలే గింజ సగానికి మించరాదు. గింజ పైపొరలలోని మాంసకృత్తులు రుచిని చెడగొడతాయి. గింజ నడుమ తెల్లగా, గుల్లగా ఉండే పిండి భాగంలోకి కోజి శిలీంధ్రం సులువుగా చొచ్చుకుపోతుంది. అన్నపు వరిలో లోపంగా ఎంచే తెలుపు ఇక్కడ గుణం. 1936లో పేరు పొందిన యమదా నిషికి ఇందుకు ప్రసిద్ధమైన రకం. అయితే పొడవుగా పెరిగి సులువుగా పడిపోతుంది. పొట్టదశ తరువాత వేసే నత్రజని గింజలో మాంసకృత్తులను పెంచుతుంది. కనుక రైతు నత్రజనిని అదుపులో ఉంచి, దిగుబడిలో కొంత వదులుకోవలసి వస్తుంది. ఆ నష్టాన్ని ధర పూడ్చకపోతే ఈ సాగు నిలవదు.

2021లో సాగా సాకేకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పేరు వాడాలంటే సాగాలోనే పండిన వరిని వాడాలి. ఈ నిబంధన వల్ల విదేశంలో పలికే పేరు స్థానిక చేనుతో ముడిపడుతుంది.

అయితే ఒక హెచ్చరిక అవసరం. సాకే ఉత్పత్తిని కొంత పెంచవచ్చును గాని, నేత వేగాన్ని పెంచలేము. చేతిపనికి వచ్చే గిరాకీ కళాకారుని శక్తిని మించితే, అనుకరణలు ఆ ఖాళీని పూరిస్తాయి. కాబట్టి ప్రచారానికి ముందు ఉత్పత్తి పరిమితినీ, రైతుకు, కళాకారునికి దక్కే వాటానూ నిర్ణయించుకోవాలి. భౌగోళిక గుర్తింపు పొందిన ఉత్పత్తులపై పనిచేసే మన విస్తరణ శాస్త్రవేత్తలు తొలుత వేసుకోవలసిన లెక్క ఇదే.