ఎంతో తెలుసు, ఎక్కడో?

పాశమైలారంలోనో బొల్లారంలోనో మాత్రలు తయారుచేసే ఏ కంపెనీ నాణ్యత పరీక్ష (క్యూసీ) ల్యాబులోనైనా రోజూ జరిగే పనే ఇది. 20 మాత్రలు తూచి, నూరి, ద్రావణిలో కరిగించి, వడగట్టి, మందును వేరుచేసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రానికి ఎక్కిస్తారు. కాసేపటికి తెరమీద గోపురంలా ఒక పీక్ లేస్తుంది. దాని వైశాల్యాన్ని బట్టి మందు ఎన్ని మిల్లీగ్రాములుందో తేలుతుంది. ఆ మందు మాత్రంతా సమంగా పరుచుకుందా, ఒక మూల గడ్డకట్టిందా అన్న సంగతి మాత్రం నూరినప్పుడే పోయింది.

వీటి పక్కనే ఉన్న పటాన్‌చెరు పేరు ప్రపంచ పత్రికలకెక్కిందీ ‘ఎంత’ అన్న లెక్కతోనే. సుమారు 90 బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థజలాన్ని అప్పట్లో శుద్ధిచేసిన ఇక్కడి కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్‌కు చెందిన లార్సన్ బృందం ప్రకటించింది. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత మందు ఉండదు!

ఇక ‘ఎక్కడ’ అన్న ప్రశ్న. దీనికి జవాబు చెప్పే పద్ధతుల్లో మాల్డీ ఇమేజింగ్ ఒకటి. గడ్డకట్టించిన కణజాలాన్ని పల్చటి పొరగా కోసి, లేజర్ కాంతిని పీల్చుకునే ఒక రసాయనాన్ని దానిమీద చల్లుతారు. లేజర్ తగిలిన చుక్క దగ్గర అణువులు విద్యుదావేశంతో పైకి లేస్తాయి. మాస్ స్పెక్ట్రోమీటర్ వాటి బరువు తూస్తుంది. తర్వాత పక్క చుక్క, ఆ తర్వాత ఇంకోటి. వేల చుక్కలు పూర్తయ్యాక, కావలసిన బరువు కనిపించిన చోటల్లా రంగు నింపితే మందు పటం సిద్ధం. రంగు కలపనక్కర్లేదు, మందు అణువుకు గుర్తు తగిలించనక్కర్లేదు. పెద్ద అణువులను చెదరకుండా లేజర్‌తో లేపినందుకు 2002లో నోబెల్ అందుకున్న కోయిచి తనాకా డాక్టరేట్ లేని కంపెనీ ఇంజినీరు. పనిచేసింది షిమాడ్జులో; మన ల్యాబుల్లో హెచ్‌పీఎల్‌సీల మీద కనిపించే పేరే అది.

ఈ పటాల వల్ల క్షయ మందుల విషయంలో ఒక చిక్కుముడి కొంత వీడింది. ఊపిరితిత్తిలోని క్షయ గడ్డ చుట్టూ రక్షక కణాల గోడ, నడుమ జున్నులాంటి మృతపదార్థం. అక్కడికి రక్తనాళాలు వెళ్లవు. మొండి క్రిములు దాక్కునేది అక్కడే. శస్త్రచికిత్సలో తీసిన రోగుల ఊపిరితిత్తి ముక్కలను ఇలా చూసిన పరిశోధన 2015లో ‘నేచర్ మెడిసిన్’లో వచ్చింది. రిఫాంపిసిన్, పైరజినమైడ్ ఆ జున్నులోకి దిగాయి. సిప్రోఫ్లాక్సాసిన్ కుటుంబానికే చెందిన మాక్సిఫ్లాక్సాసిన్ మాత్రం గోడ దగ్గరి కణాల్లో దండిగా చేరి, లోపలికి సరిగా పోలేదు. రక్తపరీక్షలో ఈ తేడా పట్టుబడదు. మాక్సిఫ్లాక్సాసిన్‌తో 6 నెలల చికిత్సను 4 నెలలకు కుదించబోయిన ప్రయోగం 2014లో ఎందుకు తప్పిందో దీంతో కొంత అర్థమైంది. అలాగని పటమే తీర్పు కాదు: రిఫాపెంటిన్ జత కలిశాక అదే మందు 4 నెలల చికిత్సలో నెగ్గిందని 2021లో తేలింది.

మాల్డీకి కణజాలం కోయక తప్పదు. రామన్ ఇమేజింగ్‌కు ఆ బెడద తక్కువ. లేజర్ పడి చెదిరిన కాంతిలో అతి కొద్ది భాగం రంగు మారుతుంది. ఆ మార్పు ఏ అణువుకు ఆ అణువుదే. 1928లో రామన్ దీన్ని కనిపెట్టిన రోజుల్లోనే, నిజాం కాలేజీలో చదివిన కుర్రాడు సూరి భగవంతం కలకత్తా వెళ్లి ఆయన దగ్గర చేరాడు.

రామన్‌తో ఒక్క మాత్రను చుక్కచుక్కగా చూడటానికి గంటలు పట్టొచ్చు కాబట్టి ప్రతి బ్యాచ్‌కూ ఇది కుదిరే పని కాదు. అక్కరకొచ్చేది తంటా వచ్చినప్పుడే. హెచ్‌పీఎల్‌సీ 500 మిల్లీగ్రాములూ సరిగ్గా ఉన్నాయంటుంది. మాత్రేమో నీళ్లలో కరగనంటుంది. అప్పుడు రామన్ పటం తీస్తే, అచ్చుకు అంటుకోకుండా కలిపిన మెగ్నీషియం స్టియరేట్ మందు రేణువుల చుట్టూ పెనానికి రాసిన నూనెలా పరుచుకుని కనిపించవచ్చు. మిశ్రమాన్ని అవసరానికి మించి కలిపారన్నమాట.