సూర్యుడి అంచు ఎక్కడ?

అపోహ: కనిపించే బింబమే సూర్యుడు. దాన్ని దాటితే ఇక శూన్యమే.

వాస్తవం: మనం చూసే ఆ గుండ్రటి అంచు గట్టి నేల కాదు, కాంతి బయటపడే ఒక పొర మాత్రమే. దాని పైన క్రోమోస్ఫియర్, ఆపైన కరోనా అనే పొరలు ఉంటాయి. అక్కడి నుంచి సెకనుకు వందల కిలోమీటర్ల వేగంతో సౌర పవనం అన్ని దిక్కులకూ వీస్తుంది. మన భూమి తిరిగేదీ ఆ గాలిలోనే.

అపోహ: హీలియాన్ని గుంటూరులో కనిపెట్టారు.

వాస్తవం: ఊరి మీద అభిమానంతో మనం కాస్త పెంచి చెప్పుకునే మాట ఇది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ గ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు నుంచే చూశాడు. సూర్యుడి అంచున ఎగసే ఎర్రటి నాలుకల వెలుగును విడదీస్తే మెరిసే గీతలు కనిపించాయి. అంటే అవి వేడెక్కిన వాయువులు, ముఖ్యంగా హైడ్రోజన్. మర్నాడు గ్రహణం లేకుండానే వాటిని చూడగలిగాడు. గుంటూరు ఘనత అది. అయితే ఆయన కొత్త మూలకమేదీ ప్రకటించలేదు. ఆ వెలుగులోని పసుపు గీత సోడియంది కాదని ఆ అక్టోబరులో ఇంగ్లండులో శాస్త్రవేత్త లాకయర్ గమనించాడు; అది హీలియానిదే. భూమ్మీద హీలియం చేతికి చిక్కింది 1895లో, రసాయన శాస్త్రవేత్త రామ్సే ప్రయోగశాలలో.

అపోహ: పొయ్యికి దూరం జరిగితే వేడి తగ్గినట్టే, సూర్యుడికి దూరమయ్యేకొద్దీ చల్లబడాలి.

వాస్తవం: బింబం దగ్గర సుమారు 5,500 డిగ్రీలు. దాని పైనున్న కరోనాలో 10 లక్షలు దాటుతుంది! 1869 గ్రహణంలో కరోనా వెలుగులో ఒక ఆకుపచ్చ గీత కనబడింది. తెలిసిన ఏ మూలకానికీ అది సరిపోకపోవడంతో 'కరోనియం' అని పేరు పెట్టేశారు. తీరా చూస్తే, దాదాపు 70 ఏళ్ల తర్వాత తేలిందేమిటంటే అది మామూలు ఇనుమే. కాకపోతే 13 ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఇనుము. అన్ని ఊడిపోవాలంటే లక్షల డిగ్రీల వేడి కావాలి. ఆ వేడిని మోసుకొచ్చేది అయస్కాంత క్షేత్రమేనన్నది స్పష్టం. అలల రూపంలోనా, చిన్న చిన్న పేలుళ్ల రూపంలోనా అన్న వాదన మాత్రం ఇంకా నడుస్తోంది.

అపోహ: అంత వేడిలోకి వెళ్లిన అంతరిక్ష నౌక ఆవిరైపోతుంది.

వాస్తవం: కాకరపువ్వొత్తి రవ్వలు వెయ్యి డిగ్రీల పైమాటే, అయినా చేతి మీద పడితే చురుక్కుమంటాయంతే. అంతకంటే చల్లగా ఉన్న తీగను పట్టుకుంటేనే బొబ్బ లేస్తుంది. కరోనాదీ రవ్వల తంతే. రేణువులు విపరీతమైన వేగంతో ఉంటాయి, కానీ మరీ పలచగా ఉంటాయి. సూర్యుణ్ణి పరిశీలించడానికి పంపిన పార్కర్ నౌక 2024 డిసెంబరు 24న సూర్యుడికి 61 లక్షల కిలోమీటర్ల దగ్గరిదాకా వెళ్లి క్షేమంగా బయటపడింది. దాని కవచాన్ని కాల్చేది కరోనా కాదు, బింబం నుంచి నేరుగా పడే ఎండ.

అపోహ: మన ఆదిత్య నౌక కూడా సూర్యుడి దగ్గరికే వెళ్లింది.

వాస్తవం: లేదు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయల్దేరి, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఆగింది. సూర్యుడి దూరం 15 కోట్లు. దగ్గరికి వెళ్లడానికి కాదు, అడ్డం లేకుండా రాత్రీపగలూ చూడడానికే ఆ చోటు.

అపోహ: చిన్న, చల్లటి నక్షత్రమైతే దాని పరిసరాలు ప్రశాంతంగా ఉంటాయి.

వాస్తవం: సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ అలాంటి బుడత. దాని గ్రహాల్లో ఒకటి నీరు ద్రవంగా నిలవగల దూరంలో ఉందని 2016లో తెలిసినప్పుడు అందరూ సంబరపడ్డారు. కానీ ఆ దూరం సుమారు 70 లక్షల కిలోమీటర్లే, అక్కడి ఏడాది మన 11 రోజులు. ఆ నక్షత్రమేమో తరచూ భగ్గుమని ఎక్స్-కిరణాలు చిమ్ముతుంది. ఇన్ని దెబ్బలకు ఆ గ్రహం మీద గాలంటూ మిగిలిందో లేదో ఇంకా తేలలేదు.