నల్లకోడి సీమలో సేంద్రియ ద్రాక్ష

ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో, ఫ్లోరెన్స్, సియెనా నగరాల నడుమ సుమారు 70,000 హెక్టార్ల మేర పరచుకున్న కొండసీమ కియాంతి క్లాసికో. రెడ్ వైన్‌కు లోకప్రసిద్ధమైనా, ఇక్కడ ద్రాక్షతోటలు ఆక్రమించిన నేల పదో వంతు మాత్రమే. మూడింట రెండు వంతులు అడవి. మెదిచీ వంశపు గ్రాండ్ డ్యూక్ మూడవ కోజిమో 1716లోనే కియాంతి వైన్‌కు ఎల్లలు గీస్తూ శాసనం వెలువరించాడు. ఆ పేరుకు గిరాకీ పెరిగి చుట్టుపక్కల జిల్లాలవారూ దాన్ని వాడసాగడంతో, 1924లో రాద్దా గ్రామంలో 33 మంది ఉత్పత్తిదారులు సంఘంగా ఏర్పడి నల్ల కోడిపుంజును తమ గుర్తుగా స్వీకరించారు. అయినా 1932లో ప్రభుత్వం కియాంతి పరిధిని విస్తరించి, పాత సీమకు ‘క్లాసికో’ అనే విశేషణాన్ని మాత్రం మిగిల్చింది.

ఈ వైన్‌కు ప్రాణం సాంజొవేసే అనే నల్లద్రాక్ష. పలుచని తొక్క, ఆలస్యంగా పండే స్వభావం, ఎక్కువ పులుపు దాని లక్షణాలు. ఇటలీ ప్రధానిగానూ పనిచేసిన బెత్తీనో రికాసొలి 1872లో రాసిన లేఖలో సాంజొవేసేను ప్రధానంగా నిలిపి, త్వరగా తాగే వైన్లకు మాత్రమే తెల్లద్రాక్ష కలపవచ్చునన్నాడు. ఆ సడలింపే 1967 నాటి నిబంధనల్లో తప్పనిసరిగా మారి వైన్‌ను పలచబరచిందంటే అతిశయోక్తి కాదు. 2006 పంట నుంచి తెల్లద్రాక్ష పూర్తిగా నిషిద్ధం. సాంజొవేసే కనీసం 80 శాతం ఉండాలి. దిగుబడి హెక్టారుకు 7.5 టన్నులు, అంటే ఎకరానికి సుమారు 3 టన్నులు మించరాదు.

సేంద్రియ వైన్ అనగానే మందులేవీ చల్లనిదని భావించడం పరిపాటి గాని, అది సరికాదు. ఐరోపా చట్టం ప్రకారం సింథటిక్ పురుగుమందులు, కలుపుమందులు, రసాయనిక ఎరువులు వాడకూడదు. తోట మారడానికి మూడేళ్లు పడుతుంది. 2012కు ముందు సీసాపై ‘సేంద్రియ ద్రాక్షతో చేసిన వైన్’ అని మాత్రమే రాసేవారు, ఎందుకంటే పులియబెట్టే దశకు నియమాలే లేవు. ఆ ఏడాది నుంచి అవి వచ్చాయి. వైన్ చెడకుండా కలిపే సల్ఫైట్లు సాధారణ రెడ్ వైన్లో లీటరుకు 150 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు, సేంద్రియానికి పరిమితి 100. ఈస్ట్ తనంతట తానే కొంత సల్ఫైటును పుట్టిస్తుంది కనుక, అసలే లేని వైన్ అంటూ దాదాపు ఉండదు.

అసలు చిక్కు బూజు తెగులుతో వస్తుంది. పంతొమ్మిదవ శతాబ్ది చివర అమెరికా నుంచి ఐరోపాకు చేరిన ఈ తెగులుకు సేంద్రియ రైతు ప్రధాన ఆయుధం, మన ద్రాక్ష రైతులకూ పరిచయమైన మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం వంటి రాగి మందే. రాగి ఆకు లోపలికి ఇంకదు, వాన పడితే కడుక్కుపోతుంది, నేలలో మాత్రం పేరుకుపోతుంది. అందుకే ఏడేళ్లలో హెక్టారుకు 28 కిలోలకు మించి వాడరాదని నియమం. వసంతంలో వానలు ఎడతెగని 2023లో మధ్య, దక్షిణ ఇటలీ తోటలను ఈ తెగులు తీవ్రంగా దెబ్బతీసింది. మామూలు సంవత్సరాల్లో ఈ కొండలకు సహాయంగా నిలిచేవి గాలి, ఎండ, గలేస్త్రో అనే పొరలు పొరలుగా పగిలే రాతినేల. ఆ నేలలో నీరు నిలవదు, తీగ విపరీతంగా ఏపుగా పెరగదు. సాళ్ల మధ్య చిక్కుడు జాతి మొక్కలు, బార్లీ చల్లి, పచ్చిరొట్టగా నేలలో కలపడం ఇక్కడ సాధారణం.

గ్రేవే మునిసిపాలిటీలోని పాంత్సానో గ్రామం ఈ విషయంలో ప్రత్యేకం. 1995లో సంఘంగా ఏర్పడిన అక్కడి రైతుల తోటల్లో అత్యధికం నేడు సేంద్రియమే. తీగలకు ప్రాణాంతకమైన ఒక పసుపు తెగులును మోసుకొచ్చే దోమ జాతి పురుగును తోట తోటలో లెక్కించి, అవసరమైతేనే చర్య తీసుకునే పద్ధతి ఒకరిద్దరు పాటిస్తే నిలవదు. గట్టుకు అటువైపువారూ కలిసిరావాలి. 2021లో క్లాసికో సీమను 11 ఉపప్రాంతాలుగా విభజించినప్పుడు పాంత్సానోకు విడిగా పేరు దక్కింది. అయితే ఆ విభజనకు గాని, సీసా మెడపై నల్లకోడికి గాని సేంద్రియంతో సంబంధం లేదు; దానికి ఐరోపా సమాఖ్య వారి ఆకుపచ్చ ఆకు గుర్తును విడిగా వెతకాలి.